మీవాడికి వచ్చింది నూటికి 47 కాదు

ప్రశ్న: నమస్తే అండీ. మేం అమెరికా వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మావాడు హైస్కూల్ ఆఖరి ఏడాది చదువుతున్నాడు, ఇంకో నాలుగు నెలల్లో 18 నిండుతాయి. స్కూల్లో పెట్టిన ఆస్వాబ్ అనే మిలిటరీ పరీక్ష మాకు చెప్పకుండా రాశాడు. 47 వచ్చింది. మావారు ఆ కాగితం చూసి "నూటికి 47 తెచ్చుకున్నవాణ్ణి ఆర్మీవాళ్ళు కూడా తీసుకోరు" అని అరిచారు. రెండు రోజులుగా వాడు మాతో మాట్లాడటం లేదు. ఇంకోపక్క రిక్రూటర్ ఫోన్లు ఆగడం లేదు. మార్కులు తక్కువ వచ్చిన పిల్లల్ని ముందు వరసలో పెట్టి యుద్ధానికి పంపేస్తారని ఎవరో అన్నారు, అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. మేమిద్దరం సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాం, వాడికి లెక్కలు బాగానే వచ్చు, మరి ఇలా ఎందుకయింది? నిజం చెప్పాలంటే, ఈ పరీక్ష తప్పిపోయి వాడు ఆ ఆలోచన మానుకుంటే బాగుండునని కూడా లోపల ఉంది. ఏం చేయమంటారు? (ఒక తల్లి)

జవాబు: అమ్మా, ముందు మీవారిని కూర్చోబెట్టి ఈ ఒక్క ముక్క చెప్పండి, మిగతావి తర్వాత చూద్దాం. ఆ 47 మార్కులు కాదు, పర్సంటైల్. వంద ప్రశ్నలిస్తే 47 సరిగ్గా రాశాడని దాని అర్థం కాదు. 1997లో అమెరికా అంతటి నుంచి 18 నుంచి 23 ఏళ్ళ వాళ్ళని ఏరి ఈ పరీక్ష పెట్టారు, ఇవాళ ఎవరు రాసినా వాళ్ళతోనే పోల్చి చూస్తారు. ఆ వయసు వాళ్ళు వందమంది ఉంటే అందులో 47 మంది మీవాడితో సమానంగానో, వాడికంటే కిందో ఉంటారన్నమాట. దాదాపు నడిమధ్య. పైగా 17 ఏళ్ళ పిల్లాణ్ణి 23 ఏళ్ళ వాళ్ళ పక్కన నిలబెట్టి తీసిన కొలత అది.

ఇక ఆర్మీ తీసుకుంటుందా అంటే, తీసుకుంటుంది. హైస్కూల్ డిప్లొమా ఉన్నవాళ్ళ నుంచి ఆర్మీ అడిగే కనీస స్కోరు 31. మిగతా దళాలవి దానికి కొంచెం అటూ ఇటూగా ఉంటాయి, ఏ ఏడాది ఎంతమంది కావాలన్నదాన్ని బట్టి మారుతుంటాయి కూడా. మరి అంత తేలిగ్గా దాటేస్తే రిక్రూటర్ ఎందుకన్ని సార్లు ఫోన్ చేస్తున్నాడు అంటారా, అక్కడే ఉంది అసలు సంగతి. వాళ్ళు ఈ స్కోర్లని మెట్లుగా విడగొట్టుకుంటారు. 93 నుంచి పైన ఒకటో మెట్టు, 65 నుంచి 92 రెండోది. మూడో మెట్టు మాత్రం రెండు సగాలు, 50 నుంచి 64 వరకు పై సగం, 31 నుంచి 49 కింది సగం. 10 నుంచి 30 నాలుగోది, దాని కింద ఐదోది. చేరేవాళ్ళలో కనీసం 60 శాతం మందికి 50 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలని రక్షణ శాఖ పెట్టుకున్న లక్ష్యం. బోనస్‌లలోనూ చాలావాటికి 50 దగ్గరే గీత గీస్తారు. మీవాడు ఆ గీతకి మూడు పాయింట్ల కింద ఆగాడు. అంటే ఇప్పుడున్నట్టే తీసుకోవచ్చు, ఇంకోసారి రాయించి గీత దాటిస్తే రిక్రూటర్ లెక్కకి ఇంకా మంచిది. కాబట్టి "మళ్ళీ రాయి" అనే మాట ఆ ఫోన్లో ఈపాటికి వచ్చే ఉంటుంది.

లెక్కలు వచ్చినవాడికి ఎందుకు తగ్గిందన్నారు కదా. ఈ 47ని ఏఎఫ్‌క్యూటీ స్కోరంటారు. ఆస్వాబ్‌లో తొమ్మిది పది విభాగాలుంటాయి గానీ ఈ స్కోరుకి లెక్కలోకి వచ్చేవి నాలుగే: మాటలతో ఇచ్చే లెక్కలు, ఆల్జీబ్రా జామెట్రీల గణితం, పదాలకి అర్థాలు, పేరా చదివి అర్థం చేసుకోవడం. ఇందులో చివరి రెండూ కలిపి ఒక స్కోరు చేసి, దాన్ని రెండింతలు చేస్తారు. గణితం వాటా రెండైతే ఇంగ్లీషు వాటా కూడా రెండు. మన ఇళ్ళల్లో పిల్లల్ని మూడో తరగతి నుంచే లెక్కల క్లాసులకి తిప్పుతాం, కథల పుస్తకం పట్టుకుంటే మాత్రం "ముందు హోంవర్క్ కానీ" అంటాం. నేనూ ఆ మాట అన్నవాణ్ణే. ఆ కాగితంలో విభాగాల వారీగా స్కోర్లు ఉంటాయి, ఒకసారి తీసి చూడండి. లెక్కల దగ్గర 55, పదాల దగ్గర 44 లాంటివి కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఆ విడి స్కోర్లు పర్సంటైల్ కాదు, వాటికి సగటు 50, ఎక్కువమంది 40కీ 60కీ మధ్య ఉంటారు. ఒకే కాగితంలో రెండు రకాల కొలతలు ఇరికిస్తే ఎవరైనా తికమకపడతారు, మీవారొక్కరి తప్పు కాదులెండి.

ఇంకో మాట. ఇది తెలివిని కొలిచే పరీక్ష అని వాడి మనసులో పడిపోయి ఉంటే దాన్ని ఎలాగైనా తీసేయాలి. ఈ గొడవ కొత్తది కూడా కాదు. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగినప్పుడు రాబర్ట్ యర్క్స్ అనే సైకాలజిస్టు బృందం సైన్యానికి రెండు పరీక్షలు తయారుచేసింది. ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళకి ఆల్ఫా, చదవలేనివాళ్ళకి బొమ్మల పరీక్ష బీటా. సుమారు 17 లక్షల మందికి పెట్టారు. ఆల్ఫాలో ఒక ప్రశ్న ఇలా ఉండేది: క్రిస్కో అనేది మందా, క్రిమిసంహారకమా, టూత్‌పేస్టా, తినే పదార్థమా? అది అక్కడి అంగళ్ళలో అమ్మే ఒక వంటనూనె లాంటి సరుకు. అక్కడి ఇంట్లో పుట్టినవాడికి తెలుస్తుంది, నిన్న ఓడ దిగినవాడికి ఎలా తెలుస్తుంది? బీటాలో టెన్నిస్ కోర్టు బొమ్మ ఇచ్చి ఏం లోపించిందో గీయమనేవారు. నెట్ లేదు. కానీ జన్మలో టెన్నిస్ చూడని రైతు కొడుకు ఆ బొమ్మ ముందు పెన్సిల్ పట్టుకుని ఏం గీస్తాడు? ఇలా వచ్చిన అంకెల్ని పట్టుకుని కార్ల్ బ్రిగమ్ అనే ఆయన 1923లో ఫలానా దేశాలవాళ్ళకి పుట్టుకతోనే తెలివి తక్కువ అని తేల్చేశాడు. అలాంటి వాదనలు జోరుగా నడుస్తున్న రోజుల్లోనే, 1924లో, మన ఆసియావాళ్ళని దాదాపు పూర్తిగా ఆపేసిన వలస చట్టం వచ్చింది. 1930లో బ్రిగమే తన వాదన నిలవదని ఒప్పుకున్నాడనుకోండి, అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది. మీకు ఇంకా దగ్గరి విషయం చెప్పనా? ఈ బ్రిగమే ఆ ఆర్మీ పరీక్ష బాటలో కాలేజీల కోసం ఒకటి తయారుచేస్తే 1926లో మొదటిసారి పెట్టారు. దాని పేరు శాట్. మీ స్నేహితుల పిల్లలు దేనిలో 1500 తెచ్చుకున్నారని మీవారు చెబుతుంటారో, ఆ శాటే.

ఇప్పటి ఆస్వాబ్ అంత మొరటుగా ఉండదు, ప్రశ్నల్ని బాగానే వడపోస్తారు. అయినా ఆ పోలిక పూర్తిగా పోలేదు. అందులో కార్లు, పనిముట్ల విభాగం ఒకటుంటుంది. బ్రేకులు నొక్కితే మెత్తగా లోపలికి పోతున్నాయంటే లోపం ఎక్కడ, ఈ బోల్టుకి ఏ రెంచీ వాడాలి, ఇలాంటివి. తండ్రితో కలిసి పాత ట్రక్కు కింద పడుకుని చేతులు నల్లగా చేసుకున్న కుర్రాడు నవ్వుకుంటూ రాస్తాడు. సర్వీసింగ్‌కి కారు ఇచ్చేసి లోపల వైఫై పట్టుకు కూర్చునే ఇళ్ళ పిల్లాడు గుడ్డిగా గుర్తులు పెడతాడు. ఇద్దరిలో ఎవరి బుర్ర పదునో దాన్నిబట్టి చెప్పగలరా? ఇంతకీ ఆ విభాగం ఏఎఫ్‌క్యూటీ లెక్కలోకి రాదు, మెకానిక్ లాంటి ఉద్యోగాలు అడిగినప్పుడే చూస్తారు. పెట్టేవాళ్ళకి కావలసిందీ అదే, శిక్షణలో ఎవడు ఏది త్వరగా అందుకుంటాడన్నది. ధైర్యం, ఓర్పు, తెల్లవారుజామున నాలుగింటికి లేవగలడా, పక్కవాడు పడిపోతే లేపుతాడా, ఇవేవీ ఆ కాగితంలో ఉండవు. నిజానికి చేరినవాడు మధ్యలో వదిలేసి వస్తాడా నిలుస్తాడా అన్నదానికి ఈ స్కోరుకంటే హైస్కూల్ డిప్లొమాయే మంచి గుర్తు. డిప్లొమా ఉన్నవాళ్ళలో సుమారు 80 శాతం మంది మొదటి మూడేళ్ళు పూర్తిచేస్తే, లేనివాళ్ళలో సగం మందే చేస్తారని వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నారు. కాబట్టి ఎలాగూ ఆర్మీకే కదా అని వాడు ఈ ఆఖరి ఏడాది చదువు గాలికొదిలేస్తుంటే, అక్కడ మాత్రం గట్టిగా పట్టుకోండి.

ఇక మీకు నిద్ర పట్టనివ్వని భయం. అది ఎవరో ఊరికే పుట్టించింది కాదు, అందుకే తేలిగ్గా కొట్టిపారేయను. 1966లో, వియత్నాం యుద్ధానికి మనుషులు చాలక, రక్షణ మంత్రి మెక్‌నమారా అప్పటిదాకా పరీక్షలో ఆపేస్తున్న వాళ్ళని కూడా తీసుకునే పథకం పెట్టాడు. ప్రాజెక్ట్ హండ్రెడ్ థౌజండ్ అని పేరు. పేరుకి లక్ష గానీ, నాలుగైదేళ్ళలో మూడు లక్షల మందికి పైనే అలా చేరారు. మీ కష్టాలు తీరతాయి, మంచి శిక్షణ ఇస్తాం అన్నారు. చాలామందిని పదాతి దళంలో వేసి వియత్నాం పంపారు, అక్కడ వాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువ నిష్పత్తిలో చనిపోయారు. మీకు చెప్పినావిడో ఆయనో విన్నది బహుశా ఆ కథ తాలూకు చివరి ముక్కే. కానీ అది మీవాడికి వర్తించదు. అప్పటిలా ఇప్పుడు బలవంతపు భర్తీ లేదు. పదికి తక్కువ స్కోరుంటే చేర్చుకోవడానికి చట్టమే ఒప్పుకోదు. 10 నుంచి 30 మధ్య వాళ్ళు ఏడాదికి 20 శాతం దాటకూడదు. 2022లో ఆర్మీ 21కీ 30కీ మధ్య వచ్చినవాళ్ళకి ముందుగా చదువు చెప్పి మళ్ళీ రాయించే కోర్సు కూడా ఫోర్ట్ జాక్సన్‌లో మొదలుపెట్టింది. మీవాడు ఈ గొడవలన్నిటికీ పైనున్నాడు.

ఇంకో చిన్న కథ కూడా ఉంది, నాకు భలే ఇష్టమైనది. 1976 నుంచి 1980 వరకు ఆస్వాబ్ మార్కుల్ని పర్సంటైల్‌గా మార్చే పట్టికే తప్పు! కింది స్కోర్లన్నీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించాయి. అసలు తీసుకోకూడని వాళ్ళు లక్షల్లో లోపలికి వచ్చేశారు, ఎవరికీ తెలియదు. తెలిశాక వాళ్ళేం చేశారా అని వెనక్కి వెళ్ళి చూస్తే, మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళు కాస్త ఎక్కువే గానీ, ఎక్కువమంది మామూలుగానే పని చేసుకుపోయారు. 30 వచ్చినవాడు పనికిరాడు, 31 వచ్చినవాడు పనికొస్తాడు అని గీత గీయడం కాగితం మీదే కుదురుతుంది. అలాగని లక్షల మందిని జల్లించాల్సిన చోట ఏదో ఒక గీత లేకుండానూ కుదరదు, ఒప్పుకుంటాను.

ఇప్పుడు మీరూ వాడూ కలిసి చూడాల్సింది 47ని కాదు. ఆర్మీలో ఏ ఉద్యోగం ఇస్తారన్నది వేరే స్కోర్లని బట్టి ఉంటుంది, వాటిని లైన్ స్కోర్లంటారు. ఆ విభాగాల్నే రకరకాలుగా కలిపి పది చేస్తారు. అందులో జీటీ అనేది ముఖ్యం, ఇంగ్లీషు స్కోరూ మాటల లెక్కల స్కోరూ కలిపి వచ్చేది. తర్వాతెప్పుడైనా ఆఫీసర్ శిక్షణకి వెళ్ళాలన్నా జీటీ 110 అడుగుతారు. మా మేనల్లుడి సంగతి చెబుతాను. వాడికి మెడిక్, అంటే గాయపడ్డ సైనికులకి వైద్యం చేసేవాడు, అవ్వాలని ఉండేది. మొదటిసారి 44 వచ్చింది, రిక్రూటర్ భుజం తట్టి "నువ్వు క్వాలిఫై అయ్యావు" అన్నాడు. నిజమే, ఆర్మీకి క్వాలిఫై అయ్యాడు. మెడిక్‌కి జీటీ 107 కావాలి, వాడిది 98. ఆ మాట రిక్రూటర్ చెప్పలేదు, వాడు అడగలేదు. ట్రక్కు డ్రైవర్ ఖాళీ ఉంది, వచ్చే నెలలోనే వెళ్ళిపోవచ్చు అన్నాడట. మా అక్క ఏడుస్తూ ఫోన్ చేస్తే నేను వెళ్ళి కూర్చుని ఆ కాగితం చూశాను. వాడు ఆస్వాబ్ కోసమని కొన్న లావుపాటి పుస్తకంలో ఎలక్ట్రానిక్స్ అధ్యాయం మీద అండర్‌లైన్లు గీసుకుంటున్నాడు పాపం. దాన్ని పక్కన పడేయించి, రోజూ రాత్రి పత్రికలోంచి ఒక పెద్ద వ్యాసం పైకి చదివించి, తెలియని మాటలు ఒక చిన్న నోట్‌బుక్‌లో రాయించాం, దాంతో పాటు మాటల లెక్కలు రోజుకి పది. ఆ నోట్‌బుక్‌లో మొదటి వారంలోనే ఎనభై దాకా మాటలు పోగయ్యాయి, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లాడికి! రెండు నెలల తర్వాత రాస్తే 63, జీటీ 109. మెడిక్ అయ్యాడు.

మీవాడు కూడా మళ్ళీ రాయాలనుకుంటే, మొదటిసారికీ రెండోసారికీ మధ్య నెల ఆగాలి, రెండుకీ మూడుకీ మధ్య ఇంకో నెల, ఆపైన ప్రతిసారీ ఆరు నెలలు. స్కోరు రెండేళ్ళు చెల్లుతుంది కాబట్టి తొందరేమీ లేదు. మెప్స్ అనే వాళ్ళ సెంటర్‌లో కంప్యూటర్ మీద రాయిస్తారు. ఒకటి సరిగ్గా చెబితే తర్వాతిది ఇంకా కష్టంగా వస్తుంది, వెనక్కి వెళ్ళి మార్చడానికి వీలుండదు. బాగా రాసిన పిల్లలు కూడా "అన్నీ కష్టంగానే వచ్చాయి, పోయింది" అని ముఖం వేలాడేసుకుని బయటికొస్తారు, ముందే చెప్పి ఉంచండి.

రిక్రూటర్ ఫోన్ల గురించి. స్కూల్లో రాసిన స్కోర్లు రిక్రూటర్లకి పంపాలా వద్దా, ఎప్పుడు పంపాలి అన్నది స్కూలువాళ్ళు ఎంచుకునే అవకాశం ఉంది, అసలు పంపకుండా ఉండే ఆప్షన్ కూడా ఉంది. మీ స్కూలు పంపే ఆప్షన్ ఎంచుకుని ఉండొచ్చు, కౌన్సెలర్‌ని అడగండి. ఇది కాక పిల్లల పేరు, ఫోన్ నంబరు రిక్రూటర్లు అడిగితే స్కూలు ఇవ్వాలని చట్టం ఉంది, వద్దని తల్లిదండ్రులు రాసిస్తే ఇవ్వరు. స్కూలు మొదలైనప్పుడు వచ్చే కాగితాల కట్టలో ఆ ఫారం ఉంటుంది, మనమెవరమూ చదవం. ఇప్పుడైనా ఇవ్వొచ్చు గానీ, పిల్లాడే మాట్లాడుతున్నప్పుడు ఆ ఫారంతో ఒరిగేదేమీ లేదు. దానికంటే ఆ రిక్రూటర్‌ని ఇంటికి పిలవండి. ముగ్గురూ కూర్చోండి. నా లైన్ స్కోర్లు ప్రింట్ తీసి ఇవ్వండి అని మీవాడి చేతే అడిగించండి. ఏ ఉద్యోగం, ఎన్నేళ్ళు, ఎంత బోనస్ అన్నది ఒప్పంద పత్రంలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి, నోటిమాటగా చెప్పినవి లెక్కలోకి రావు. సర్వీసు మూడేళ్ళో నాలుగేళ్ళో అన్నా, రిజర్వుతో కలిపి మొత్తం బాధ్యత మామూలుగా ఎనిమిదేళ్ళుంటుంది, ఆ ముక్క కూడా చెప్పించుకోండి. చదువు పూర్తికాకముందే సంతకం పెట్టించి పేరు రిజర్వు చేసుకునే పద్ధతి ఒకటుంది, అందులో ఉన్న పిల్లలు శిక్షణకి బయల్దేరేలోపు మనసు మార్చుకుంటే బయటికి రావచ్చు, జైల్లో వేస్తారని ఎవరైనా బెదిరిస్తే నమ్మొద్దు. చిన్నప్పుడు ఆస్తమా లాంటివి ఉంటే దాచిపెట్టమని ఎవరన్నా సలహా ఇస్తే అదీ వినకండి.

చివరికి మీ లోపలి మాట. పరీక్ష తప్పితే బాగుండునని ఏ తల్లికైనా అనిపిస్తుంది, అందులో తప్పేం లేదు. కానీ వద్దు అనే పని మీరు చేయలేక పరీక్ష చేతికి అప్పజెబుతున్నారు, అది ఇప్పటికే అవునని చెప్పేసింది కదా. 17 ఏళ్ళకి చేరాలంటే మీ సంతకం కావాలి, నిజమే. ఆ సంతకం ఆపి మీరు సంపాదించేది నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ వాడితో పోట్లాడతారో, వాడికి ఆర్మీ ఎందుకు కావాలనిపించిందో వింటారో మీ ఇష్టం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ ఒక్కటి మాత్రం ఎక్కడా లేదు. అసలు మీరింకా వాణ్ణి అడిగినట్టే లేరు. మీవారు ముందుగా ఆ 47 సంగతి తప్పుగా అన్నానని వాడికి చెప్పాక, ఇవాళ రాత్రే అడగండి.